మన నీళ్ళకు తగిన చేపలు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇంట్లో గాజుతొట్టె పెట్టుకుని రంగురంగుల చేపలను పెంచుకోవాలనే సరదా ఇప్పుడు పట్నాలకే పరిమితం కాలేదు. మా నారాయణఖేడ్ వంటి చిన్న ఊళ్ళలో కూడా బాగానే కనిపిస్తోంది. ఎవరైనా పనిమీద హైదరాబాదు వెళ్తే, వచ్చేటప్పుడు పిల్లల కోసం ఒక గుండ్రటి గాజుబుడ్డి, అందులోకి రెండు బంగారు చేపలు, రెండు నల్ల చేపలు, అద్దానికి పట్టిన పాకుడు తింటుందని చెప్పి దుకాణదారు అంటగట్టిన ఒక మచ్చల చేప తెస్తారు. నూరు కిలోమీటర్లకు పైగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆ చేపలు పదిరోజులు తిరక్కుండానే ఒక్కొక్కటిగా వెల్లకిలా తేలతాయి. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్ళు "మన ఇంటికి అచ్చిరాలేదు" అంటారు. ఇంటికి రావలసిన కీడు చేపమీద పోయిందని సరిపెట్టుకునేవారూ ఉన్నారు. అచ్చిరావడం, రాకపోవడం ఏమీ లేదండీ. ఆ చేపలకు మన నీళ్ళు సరిపడి ఉండవు. లేదా వాటికి ఒకదానితో ఒకటి సరిపడి ఉండదు. చాలాసార్లు రెండూను.

చేపల దుకాణానికి వెళ్ళేముందు మీ వంటింట్లో ఒకసారి చూడండి. టీ కాచే గిన్నె అంచున, బిందె అడుగున తెల్లటి పొర కడుతోందా? సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదా? కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడటం లేదా? అయితే మీవి మనవాళ్ళు ఉప్పునీళ్ళు అని పిలిచే నీళ్ళు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో వీటినే కఠినజలం అంటారు. సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. మా వైపు బోరునీళ్ళు చాలాచోట్ల ఇలాంటివే. హైదరాబాదు నల్లానీళ్ళు సాధారణంగా ఇంత గట్టివి కావు. కాని అక్కడ కూడా బోరు మీద ఆధారపడ్డ అపార్టుమెంట్లలో కుళాయిల చుట్టూ తెల్లగా పేరుకుని ఉండటం మీరు చూసే ఉంటారు.

చేపలకు కూడా పుట్టిల్లు ఉంటుంది గదా. గప్పీ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా ఉత్తరపు కొస, వెనిజులా, ట్రినిడాడ్ ప్రాంతం. మాలీ, ప్లాటీ, కత్తితోక చేప, ఇవన్నీ మెక్సికో, మధ్య అమెరికా వైపువి. ఈ కుటుంబం చేపలు గట్టినీళ్ళలో సుఖంగా బతుకుతాయి, పిల్లల్ని పెడతాయి. అదే నియాన్ టెట్రా అనే చిన్న చేప ఉంది. నీలంగీత, ఎర్రగీతతో రత్నంలా మెరుస్తుంది. అది అమెజాన్ అడవి కాలువల చేప. అక్కడ రాలిన ఆకులు నానిన నీళ్ళు లేత టీ రంగులో, వాననీళ్ళంత మెత్తగా, కొంచెం ఆమ్లగుణంతో ఉంటాయి. దాన్ని తెచ్చి మా బోరునీళ్ళలో వేస్తే చాలావరకు నిలవదు. నిలిచినా రంగు వెలిసిపోయి ఓ మూల నక్కి ఉంటుంది. చేప అందంగా ఉందని తెచ్చి, దానికోసం నీళ్ళు వెతుక్కోవడం కన్న, మన ఇంట్లో ఉన్న నీళ్ళకు తగిన చేపను తెచ్చుకోవడం సులువు, చవక కూడా.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. డబ్బాల్లో అమ్మే ఫిల్టరునీళ్ళు పోస్తే సరిపోదా అని. మనం తాగేవి గదా, చేపకు ఇంకా మంచివి అనుకుంటారు. కాని ఆ యంత్రం లవణాలను చాలావరకు తీసేస్తుంది. గప్పీలకు, మాలీలకు ఆ లవణాలే బలం. ఉత్త ఫిల్టరునీళ్ళలో వేస్తే నీరసించి, రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటనే ఊగుతూ ఉంటాయి. మీ బోరునీళ్ళు మరీ గట్టివైతే ఒక పాలు ఫిల్టరునీళ్ళు, రెండు పాళ్ళు బోరునీళ్ళు కలుపుకోవచ్చు. కలిపినా ప్రతివారం అదే లెక్క పాటించాలి. ఒకవారం ఒకరకం, మరోవారం మరోరకం పోయడం అన్నిటికన్నా చెడ్డది.

నల్లానీళ్ళు వాడేవారు క్లోరిన్ సంగతి మరచిపోకూడదు. మన కడుపులో క్రిములు చేరకుండా కాపాడే ఆ మందే చేప మొప్పలను కాలుస్తుంది. వెడల్పు బకెట్లో పట్టి ఒక పగలూ ఒక రాత్రీ మూత లేకుండా ఉంచితే క్లోరిన్ వాసన మామూలుగా పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో క్లోరిన్ విరిచే చుక్కల మందు దొరుకుతుంది. పూర్వం ఫొటోలు కడిగేవారు వాడిన హైపో కూడా ఈ పని చేసేదే.

ఇక తొట్టె సంగతి. గుండ్రటి బుడ్డి వద్దని నా గట్టి సలహా. బల్లమీద చూడముచ్చటగానే ఉంటుంది. కాని అందులో పట్టేది నాలుగైదు లీటర్లు. పైన గాలి తగిలే చోటు పిడికెడు. చేప విసర్జించిన మలినం అంత కొద్ది నీళ్ళలో చిక్కబడటానికి రెండు రోజులు చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె తీసుకోండి. పైన కొంచెం వెలితి ఉంచి నింపితే 50 లీటర్ల నీళ్ళు పడతాయి. నీళ్ళు, గులకరాళ్ళు, గాజు కలిపి అరవై, డెబ్భై కిలోల బరువు. కాబట్టి టీవీ పక్కన ఉన్న పలచటి బల్లమీద పెట్టకండి. కిటికీ ఎండ నేరుగా పడేచోట పెడితే వారంలో నీళ్ళు పచ్చబడతాయి.

తొట్టె తెచ్చిన రోజే చేపలను వేయకూడదు. ఇది ఎంతమందికి చెప్పినా నమ్మరు. పాలు తోడుకోవడం మనందరికీ తెలుసు గదా. వెచ్చటి పాలు గిన్నెలో పోసి ఊరికే చూస్తూ కూచుంటే పెరుగు కాదు. తోడు పడాలి, వేళ పట్టాలి. తొట్టె కూడా అంతే. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో జాతి వచ్చి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది, మొక్కలు దాన్ని తింటాయి. ఈ రెండు జాతులూ గులకరాళ్ళమీద, ఫిల్టరులోని స్పాంజిమీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పదిరోజుల్లో చేపలు తేలిపోవడానికి అసలు కారణం చాలా ఇళ్ళలో ఇదే. నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి, అందులో విషం కనబడదు.

మా బోరునీళ్ళకు ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. గట్టినీళ్ళు సాధారణంగా క్షారగుణంతో ఉంటాయి. క్షారగుణం పెరిగినకొద్దీ, నీళ్ళు వేడెక్కినకొద్దీ అదే అమ్మోనియా మరింత విషం అవుతుంది. అంటే మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో చెల్లిన అజాగ్రత్త మా ఊళ్ళో, అందులోనూ వేసవిలో చెల్లదు.

మరి తోడు ఎక్కడ దొరుకుతుంది? ఏడాదిగా చక్కగా నడుస్తున్న తొట్టె ఉన్నవారింటికి వెళ్ళి, వాళ్ళ ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క, పిడికెడు గులకరాళ్ళు అడిగి తెచ్చుకోండి. పెరుగుతోడు ఇచ్చిపుచ్చుకున్నట్లే. తడి ఆరకుండా తేవాలి. వాళ్ళ చేపలు జబ్బుతో ఉంటే మాత్రం అడగకండి, జబ్బు కూడా తోడై వస్తుంది. తోడు వేశాక రెండు మూడు చేపలతో మొదలుపెట్టి, పక్షానికోసారి మరో రెండు చేర్చుకుంటూ పోవాలి. ఫిల్టరు స్పాంజిని ఎప్పుడూ నల్లా కింద పెట్టి తెల్లగా పిండకండి. తొట్టె నుంచి తీసిన నీళ్ళలోనే ముంచి పైపైన పిసికి మళ్ళీ పెట్టేయండి.

ఇప్పుడు సావాసం సంగతి చెబుతాను. గప్పీలు 50 లీటర్ల తొట్టెలో ఎనిమిది, పది హాయిగా ఉంటాయి. మగది చిన్నది, విసనకర్రలాంటి రంగుతోక దానిదే. ఆడది పెద్దది, సాదాగా ఉంటుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే మగవి అదేపనిగా వెంటబడి ఆడచేపను ఊపిరి తిప్పుకోనివ్వవు. గప్పీ గుడ్లు పెట్టదు, నాలుగు వారాలకోసారి నేరుగా పిల్లల్నే కంటుంది. ఒక్క కాన్పులో ఇరవై, ముప్ఫై సామాన్యం. మగచేప లేకుండా ఒంటరిగా తెచ్చిన ఆడగప్పీ కూడా నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది, మగబీజాన్ని లోపల దాచుకునే శక్తి దానికుంది. ఇంత సంతానం వద్దనుకునేవారు మగవాటినే ఆరు తెచ్చుకోవచ్చు. తల్లి తన పిల్లల్నే మింగుతుంది, చూసి పిల్లలు బెంబేలుపడతారు. తొట్టెలో ఒకవైపు నాచు గుబురుగా ఉంటే కొన్ని దాక్కుని బతుకుతాయి. మా చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా నాచు ఇందుకు బాగా పనికొస్తుంది. తెచ్చినదాన్ని బాగా జాడించి, లేతగులాబీరంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేటు నీళ్ళలో పదినిమిషాలుంచి, మళ్ళీ కడిగి వేయాలి. లేకపోతే దానితోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తాయి. అవి చేపపిల్లల్ని వేటాడి తింటాయి.

గప్పీలకు ప్లాటీలు మంచి తోడు. ఒకే నీళ్ళు, ఒకే తిండి, గొడవపడే గుణం లేదు. మాలీ కూడా మంచిదే గాని ఒళ్ళు పెద్దది, తిండి ఎక్కువ. రెండడుగుల తొట్టెలో గప్పీలతోపాటు రెండు మూడింటికి మించి వద్దు. నత్తలు కొన్ని ఉండవచ్చు, గట్టినీళ్ళలో వాటి చిప్ప బాగా గట్టిపడుతుంది.

బంగారు చేపను వీటితో కలపడం అందరూ చేసే పని. కలపకండి. అది చల్లటి నీళ్ళను ఇష్టపడే చేప, జానెడుకు పెరిగే చేప. నోట పట్టినదల్లా మింగుతుంది, తొట్టెను మలినంతో నింపుతుంది. దేవకన్యలా ఉండే ఏంజెల్ చేప చిన్నగా ఉన్నన్నాళ్ళు సాధువు. పెరిగాక ఒక ఉదయం లెక్కపెడితే గప్పీలు రెండు తక్కువగా ఉంటాయి. టైగర్ బార్బులు పొడుగుతోక కనబడితే కొరక్కుండా ఉండలేవు. ఫైటర్ చేపకు మగగప్పీ తోక చూస్తే మరో ఫైటరే అనిపిస్తుంది. దాన్ని విడిగా పది పదిహేను లీటర్ల తొట్టెలో ఒంటరిగా ఉంచడమే మర్యాద. దోమలకోసం చెరువుల్లో, బావుల్లో వదిలే గంబూసియా చూడ్డానికి అచ్చు ఆడగప్పీలా ఉంటుంది. ఉచితంగా దొరికింది గదా అని కొందరు తెచ్చి వేస్తారు. అది తోటిచేపల తోకలు కొరికే రకం, పిల్లల్ని మిగల్చదు.

మన దేశపు చేప ఒకటుంది, దాన్ని మనవాళ్ళు తక్కువగా చూస్తారు. జీబ్రా చేప. ఒంటినిండా నీలంగీతలు, అంగుళంన్నర పొడవు. మన దేశపు వాగుల్లో, వరిమళ్ళలో సహజంగా ఉండే జాతి. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలో దీనికి పేరు పెట్టాడు. దీని గుడ్లలో పిండం గాజులా పారదర్శకంగా ఉండి, అవయవాలు ఏర్పడటం బయటికే కనబడుతుంది. అందుకని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాల్లో కూడా దీన్ని పెంచుతారు. చలికీ, వేడికీ తట్టుకుంటుంది, నీళ్ళ విషయంలో పేచీ పెట్టదు. ఒకటి రెండు కాదు, కనీసం ఆరు ఉండాలి. గుంపు లేకపోతే బెదిరిపోయి తోటిచేపల్ని తరుముతుంది. ప్లాటీలతో చక్కగా కలుస్తుంది. పెద్దతోకల గప్పీలతో మాత్రం దీని పరుగులు కొంచెం ఇబ్బందే. కొత్తగా మొదలుపెట్టే చెల్లెళ్ళు ఎవరైనా నన్నడిగితే ఆరు జీబ్రాలు, నాలుగు ప్లాటీలు అని చెబుతాను.

మొదట్లో చెప్పిన మచ్చల చేప గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. దుకాణాల్లో దాన్ని సక్కర్ అంటారు. కొన్నప్పుడు రెండంగుళాలు ఉంటుంది, అద్దానికి నోరు అంటించుకుని పాకుడు నాకుతుంటే పిల్లలకు వేడుక. అది దక్షిణ అమెరికా చేప. ఒంటిమీద కవచంలా గట్టి పలకలు, రెక్కలకు ముళ్ళు. ఏడాది, రెండేళ్ళలో అడుగు దాటి పెరుగుతుంది. తొట్టెలో తిరగలేక మొక్కల్ని పెకలిస్తుంది, రాత్రిళ్ళు తోటిచేపల ఒంటి జిగురు నాకి పుండ్లు చేస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. పుణ్యమని తీసుకెళ్ళి చెరువులోనో, వాగులోనో వదిలేస్తారు.

అలా వదిలిన చేపలే ఈనాడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాల్లో జాలరులకు పెద్ద బెడద అయి కూర్చున్నాయి. కృష్ణానది మీద వలవేసేవారు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలో పడితే ముళ్ళతో వలను చీల్చుతుంది. తినే చేప కాదు, కొనేవాడు లేడు. బయట పారేసినా గాలి పీల్చుకుంటూ గంటల తరబడి చావదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మంచి చేపల తిండిని, గుడ్లను కాజేస్తుంది. ఒక్క చెంబెడు నీళ్ళలో కలిసిన డి.ఎన్.ఏ. ఆనవాళ్ళను బట్టి అది ఏయే చెరువుల్లో ఉందో కనిపెట్టే పద్ధతి మీద సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పనిచేశారంటే ఆ బెడద ఎంతటిదో ఊహించవచ్చు.

మా ఊరికి ఒకవైపు నల్లవాగు, ఇంకొంచెం ముందుకు పోతే మంజీర మీద నిజాంసాగర్, మరోవైపు సింగూరు. వీటి మీద ఎన్ని జాలరి కుటుంబాలు బతుకుతున్నాయో మాకు తెలుసు. 2016లో తెలంగాణలో మొదలైన పథకం కింద చెరువుల్లో బొచ్చె, రోహు పిల్లల్ని వదులుతున్నప్పుడు గట్టుమీద నిలబడి చూసే ఆడవాళ్ళ ముఖాల్లో కనబడే ఆశ నేను చూశాను. ఆ నీళ్ళలోకి మన ముందుగది అలంకారం పోయి చేరకూడదు. సక్కరును అసలు కొనకండి. అద్దం మీది పాకుడు తీయడానికి పాత స్పాంజిముక్క చాలు, రెండు నిమిషాల పని. ఇప్పటికే ఉంటే కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వండి, ఊరికే ఇచ్చినా సరే. గప్పీలు మరీ ఎక్కువైనా అంతే, ఇరుగుపొరుగుకు సీసాల్లో పంచండి గాని వాగులో కలపకండి.

కాలం మారినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని. వేసవిలో మా వైపు నలభై డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడక. తిండి వేయకండి. మూత తీసి జాలీ కప్పండి, తొట్టె చుట్టూ తడిగుడ్డ చుట్టండి, కూజానీళ్ళు చల్లబడ్డట్టే చల్లబడుతుంది. ఐసుముక్కలు వేస్తే ఒక్కసారిగా చల్లబడి చేపలు బిగుసుకుపోతాయి. కరెంటు పోయి గాలిపంపు ఆగితే, చెంబుతో తొట్టెలోని నీళ్ళే ముంచి జానెడెత్తునుంచి ధారగా పోస్తుండండి. పావుగంటకోసారి పదిచెంబులు పోసినా ప్రాణం నిలుస్తుంది.

చలికాలం ఇంకో రకం. కోహీర్, జహీరాబాదు వైపు డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీలకు లోపు పడిపోతుంటాయి. జీబ్రాలకు ఫరవాలేదు గాని గప్పీలు, మాలీలు మందగిస్తాయి. ఒంటిమీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు వస్తాయి. 50 లీటర్లకు 50 వాట్ల హీటరు సరిపోతుంది, 25 డిగ్రీలకు పెట్టుకోండి. చెయ్యి నీళ్ళలో పెట్టేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు పీకేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరీ మరీ చెప్పాలి.

వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి కొత్తవి పోయాలి. ఆ తీసిన నీళ్ళు మొక్కలకు మంచి ఎరువు. తులసికోటకు పోయడం కొందరికి ఇష్టముండదు, కరివేపాకు చెట్టుకు పోయండి. నీటికి కరువున్న మా ఊళ్ళో ఒక్క బకెట్టు కూడా మోరీలో కలపం.

తిండి రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. రెండు నిమిషాల్లో తినగలిగిన చిటికెడు. చేప కడుపు దాని కన్నంత ఉంటుందని పిల్లలకు చెప్పండి. అన్నం మెతుకులు, బిస్కెట్టు పొడి, మరమరాలు వద్దు. మనకున్న ఏకాదశులు చాలవన్నట్టు చేపలకు కూడా వారంలో ఒకరోజు ఉపవాసం పెట్టండి, వాటికి మేలే. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తే పెద్దచేపలు వారంరోజులు తిండి లేకుండా ఉండగలవు. అంతకుమించి ఉండేటట్టయితే, డబ్బా మొత్తం పక్కింటివారి చేతికి ఇవ్వకండి. వాళ్ళు పాపం జాలికొద్దీ గుప్పెడు పోస్తారు. రోజుకొక చిటికెడు చొప్పున కాగితంలో పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం మీద వారం పేరు రాసి ఇచ్చి వెళ్ళండి.